పడవది కాదు తప్పు, తాడు బిగింపుది

మా బంధువుల కుర్రవాడొకడు, పన్నెండేళ్ళవాడు, హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందెం నేర్చుకుంటున్నాడు. సెలవులకు ఊరు వచ్చి, ప్రతి పోటీలోనూ వెనకబడుతున్నానని వాపోయాడు.

"నాకిచ్చిన పడవ మంచిది కాదు మామయ్యా" అన్నాడు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలి తాత తలెత్తి అడిగాడు: "చాప తాడు ఎంత లాగుతావురా?"

"చేతనైనంత గట్టిగా తాతా."

"అయితే జబ్బు పడవకు కాదు, నీ చేతికి."

తాత మాట నూటికి నూరు పాళ్ళు నిజం. పిల్లలు నడిపే ఆ పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీనిని రూపొందించాడు. పదిహేనేళ్ళ వరకు పిల్లలు ఇందులో పోటీపడతారు. పొడవు 2.3 మీటర్లు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు. అందరి పడవలూ ఒకే కొలతన ఉండాలన్నది నిబంధన. కనుక గెలుపోటముల తేడా చాలావరకు పడవలో ఉండదు. నడిపే తీరులోనూ, తెరచాపను సరిచేసుకోవడంలోనూ ఉంటుంది.

తూర్పారబట్టే రైతు గాలిని చూసి చేట ఎత్తు మార్చుకుంటాడు. ఇదీ అంతే. తాడును కొద్దికొద్దిగా వదలాలి. కొయ్య పక్కన చాప అంచు రెపరెపలాడగానే ఆపి, ఆ రెపరెప ఆగేంతవరకే తిరిగి లాగాలి. అంతకు మించి లాగితే గాలి చాపమీద సాఫీగా జారదు. పడవ ఒరుగుతుంది. దానిని తిన్నగా ఉంచడానికి చుక్కానిని అదేపనిగా తిప్పాలి. అప్పుడు ఆ చుక్కానే నీటిలో బ్రేకు అవుతుంది.

చాప పై మూలను ఎత్తిపట్టే వాలుకర్రను స్ప్రిట్ అంటారు. చాప మీది ముడతే దాని సంగతి చెబుతుంది. పై కొసనుండి కొయ్య మొదలు వైపు ముడత పడితే కర్ర బిగువు ఎక్కువైనట్టు. కొయ్య పై భాగంనుండి వెనుక కింది మూలకు పడితే బిగువు చాలనట్టు. ఇక చాప అడుగు అంచు సంగతి. ఓ మోస్తరు గాలిలో దానిని కాస్త వదులుచేసి చాపకు పొట్ట ఇవ్వాలి. గాలి హెచ్చితే బిగించి చదును చేయాలి. చాపకూ కొయ్యకూ మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటరాదు.

వీటన్నిటినీ ఒకేసారి మార్చితే ఏది మేలు చేసిందో తెలియదు. రెండు పడవలు పక్కపక్కన నడపాలి. ఒకదానిని కదిలించకుండా, రెండవదానిలో ఒక్కటే మార్చాలి. ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకోవాలి. తాడుమీద సిరాతో గుర్తు పెట్టుకోవాలి. ఇందుకు కావలసింది డబ్బు కాదు, ఓర్పు.

ఇది ధనికుల వినోదమని మనవారు అనుకోవడం పొరపాటు. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా రైతు బిడ్డ నేహా ఠాకూర్, సముద్రం లేని భోపాల్‌లో చెరువు మీద నేర్చుకుని, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రజత పతకం గెలిచింది. మరి సముద్రం ఒడ్డున పుట్టిన మన పిల్లల మాటేమిటి?

పడవలకు ఇంజన్లు వచ్చాక గాలిని చదివే విద్య మన తీరంలో ముసలివారి దగ్గరే మిగిలింది. వారితోపాటే అది పోకముందే క్రీడాధికారులు మేల్కొనాలి. తీర గ్రామాల బడిపిల్లలకు సెలవులలో శిక్షణ శిబిరాలు పెట్టాలి. ప్రతి పిల్లవానికీ ప్రాణరక్షక జాకెట్ ఇవ్వాలి. శిక్షకునితోపాటు ఊరి పెద్ద జాలరి ఒకరిని గౌరవ వేతనంపై నియమించాలి.

మా కుర్రవాడు ఈసారి నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళాడు. మొదటి పేజీలో తాత మాట రాసుకున్నాడు.