బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? తండ్రి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న

తలాఖ్ అయినా, ఖులా అయినా, భార్యాభర్తల బంధం తెగిపోయిన మరునాడు మా ప్రాంతపు తండ్రులు అడిగే మాట ఒకటే: “బిడ్డ నాకు వస్తాడా, రాడా?” కదిరిలోనైనా, గుంతకల్లులోనైనా, తాడిపత్రిలోనైనా ఇదే ప్రశ్న. “కొడుకు ఎప్పటికైనా తండ్రివాడే” అని ఇంట్లో పెద్దలంటారు. “ఈ కాలంలో కోర్టులన్నీ ఆడవాళ్ల పక్షమే” అని బయట మిత్రులంటారు. రెండూ సగం మాటలే. సగం మాట పట్టుకుని కోర్టు మెట్లెక్కినవాడు డబ్బు పోగొట్టుకుంటాడు, బిడ్డ మనసును కూడా పోగొట్టుకుంటాడు.

ముందు షరీఅత్ ఏమంటున్నదో చూద్దాం. ఇక్కడ రెండు మాటలను విడివిడిగా అర్థం చేసుకోవాలి. ఒకటి హిజానత్, అంటే బిడ్డను దగ్గర పెట్టుకుని సాకటం. రెండవది విలాయత్, అంటే బిడ్డ ఆస్తికి, చదువుకు, పెళ్లికి బాధ్యత వహించే సంరక్షకత్వం. విలాయత్ తండ్రిది. హిజానత్ పసితనంలో తల్లిది. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు బాలిగ్ అయ్యే వరకు తల్లి దగ్గరే ఉండాలి. తల్లి లేకపోతే ఆ హక్కు నానీకి, ఆమె తరువాతనే దాదీకి వస్తుంది. కనుక “మా అమ్మ ఉంది, ఆమె చూసుకుంటుంది” అన్న వాదన ఏడేళ్లు నిండని బిడ్డ విషయంలో షరీఅత్ ముందు నిలవదు.

దైవప్రవక్త (స) వద్దకు ఒక స్త్రీ వచ్చి, తనను విడిచిన భర్త బిడ్డను కూడా లాక్కోవాలనుకుంటున్నాడని మొరపెట్టుకుంటే, నీవు మరో వివాహం చేసుకోనంత వరకు బిడ్డపై నీదే ఎక్కువ హక్కు అని ఆయన తీర్పు చెప్పినట్లు హదీసులో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటి వారికి కూడా ఇలాంటి తగవు తప్పలేదు. విడిపోయిన భార్య ద్వారా కలిగిన తన కుమారుడు ఆసిమ్ ఖుబా మసీదు ఆవరణలో ఆడుకుంటుండగా చూసి ఆయన వెంట తీసుకుపోబోయారు. పిల్లవాని అమ్మమ్మ అడ్డుపడింది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబకర్ (రజి) ముందుకు వెళ్లింది. బిడ్డను ఆమెకు వదిలిపెట్టమని ఆయన చెప్పారు. ఉమర్ (రజి) మారు మాట్లాడలేదు. ఆయన కంటే మనకు ఎక్కువ పౌరుషం ఉందా?

ఇక దేశ చట్టం సంగతి. పిల్లల సంరక్షణ తగవులన్నీ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నడుస్తాయి. అందులోని 17వ సెక్షన్ ప్రకారం జడ్జి బిడ్డ మతాచార చట్టాన్ని పరిగణనలోకి తీసుకుంటూనే బిడ్డ క్షేమం చూడాలి. బిడ్డ వయసు, ఆడపిల్లా మగపిల్లవాడా, అడిగే మనిషి నడవడి, శక్తి అన్నీ చూడాలి. ఆలోచించి చెప్పగల వయసు ఉంటే బిడ్డ ఇష్టాన్ని కూడా అడగవచ్చు. తండ్రే సహజ సంరక్షకుడని 1918లో ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాట నిజమే. కానీ పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కారని 1973లో సుప్రీంకోర్టు రోసీ జాకబ్ కేసులో స్పష్టం చేసింది. 2010లో అతహర్ హుసేన్ కేసులో తల్లి చనిపోయిన పిల్లలను, తండ్రి సహజ సంరక్షకుడైనప్పటికీ, అసలు కేసు తేలే వరకు తల్లి తరఫు బంధువుల దగ్గరే ఉంచమన్నది. సంరక్షకత్వం వేరు, దగ్గర ఉంచుకోవటం వేరు అని చెప్పింది. మన ఫుఖహాలు వందల ఏళ్ల కిందట చూపిన తేడా కూడా ఇదే కదా!

ఒక్కసారే మూడు తలాఖులు చెప్పిన వారికి మరొక మాట. 2019 చట్టం ప్రకారం ఆ తలాఖ్ చెల్లదు, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అంతేకాదు, మైనర్ పిల్లలను దగ్గర ఉంచుకునే హక్కు ఆ భార్యకు ఉందని 6వ సెక్షన్ చెబుతున్నది. అది ఎలాగన్నది మేజిస్ట్రేట్ నిర్ణయిస్తాడు. కోపంలో నోరు జారినవాడు కోర్టులో బిడ్డను అడిగే బలాన్ని కూడా చాలావరకు జార్చుకున్నట్లే.

అయితే తండ్రికి అవకాశమే లేదా? ఉంది. కొడుక్కి ఏడేళ్లు నిండి, చాలాకాలంగా తండ్రి దగ్గరే పెరుగుతూ, బడికి సక్రమంగా వెళుతుంటే కోర్టు ఆ బిడ్డను తేలికగా కదపదు. తల్లి నిర్లక్ష్యం చేస్తున్నదని సాక్ష్యంతో రుజువైతే, బిడ్డ తానుగా తండ్రిని కోరుకుంటే తండ్రి వాదానికి బలం ఉంటుంది. తల్లి మరో పెళ్లి చేసుకోవటాన్ని కూడా జడ్జి లెక్కలోకి తీసుకుంటాడు, కానీ ఆ ఒక్క కారణంతోనే బిడ్డను తీసి ఇవ్వడు.

ఇక్కడే మన కరువు సీమ సంగతి వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేల ఇది. అదీ సమయానికి పడదు. 2022లో జిల్లా రెండుగా చీలింది గానీ కరువు మాత్రం రెండింటికీ సమంగానే మిగిలింది. వేరుశనగ పోయిన ఏడు మనవాళ్లు బెంగళూరుకు బేల్దారి పనికో, గల్ఫ్‌కో పోతారు. అలాంటి తండ్రి “బిడ్డను నాకివ్వండి” అంటే జడ్జి అడిగే మొదటి మాట: పగలు బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడు? ఏ బడికి పోతాడు? జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుంటారు? దీనికి జవాబు లేకుండా వకీలుకు ఫీజు కట్టి ఏం లాభం? పైగా బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తున్నాడో ఆ ప్రాంతపు కోర్టులోనే కేసు వేయాలి. బిడ్డ కదిరిలో తల్లి దగ్గర ఉంటే బెంగళూరులో వేసిన కేసు నిలవదు.

అన్నిటికంటే నన్ను బాధించే విషయం ఖులా పంచాయితీలలో జరిగే బేరం. “బిడ్డను వదిలేస్తే ఖులా ఇస్తాను” అంటాడు భర్త. బతికి బయటపడితే చాలని ఆ ఇల్లాలు కాగితంపై వేలిముద్ర వేస్తుంది. పెద్దలు సంతకాలు పెడతారు. సోదరులారా! హనఫీ ఫిఖహ్ ప్రకారం అలాంటి ఖులా చెల్లుతుంది గానీ ఆ షరతు చెల్లదు. ఎందుకంటే హిజానత్ తల్లి హక్కు మాత్రమే కాదు, బిడ్డ హక్కు కూడా. బిడ్డ హక్కును తల్లి అమ్మలేదు, తండ్రి కొనలేడు, జమాత్ రాసి ఇవ్వలేదు. అలాంటి కాగితంపై మసీదు ముద్ర వేయటానికి మన ముతవల్లీలు ఇకనైనా ఒప్పుకోకూడదు.

మరికొందరు ఖర్చు తప్పించుకోవటానికే బిడ్డను అడుగుతారు. అదీ కుదరదు. తల్లిని ఆమె బిడ్డ కారణంగా గానీ, తండ్రిని అతని బిడ్డ కారణంగా గానీ నష్టపెట్టరాదని, బిడ్డకు పాలిచ్చే తల్లి తిండిబట్టల భారం తండ్రిదేనని దివ్య ఖురాన్ అల్‌బఖరా సూరాలో ఆదేశం ఉంది. మైనర్ పిల్లల పోషణ తండ్రి బాధ్యతేనని, కూతురి విషయంలో అది పెళ్లి వరకూ ఉంటుందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బిడ్డ తల్లి దగ్గర ఉన్నా ఖర్చు తండ్రిదే. అది ఆమెకు చేసే దానం కాదు.

తల్లులకు, నానీలకు కూడా ఒక మాట. బిడ్డ మీ దగ్గర ఉన్నంత మాత్రాన తండ్రికి ముఖం చూపించకపోవటం జుల్మ్. పండుగకూ పబ్బానికీ, బడి సెలవులకూ తండ్రి ఇంటికి పంపాలి. తండ్రి రాకపోకలు సాగించలేనంత దూరం బిడ్డను తీసుకుపోవటానికి ఫిఖహ్ కూడా తల్లికి స్వేచ్ఛ ఇవ్వదు, నికాహ్ జరిగిన ఆమె సొంత ఊరికైతే తప్ప. “మీ అబ్బా చెడ్డవాడు” అని రోజూ నూరిపోస్తే ఆ విషం చివరికి బిడ్డ ఒంట్లోనే మిగులుతుంది.

కాబట్టి తండ్రులు “నేను గెలుస్తానా?” అని అడిగే ముందు “నా దగ్గర బిడ్డకు ఏం దొరుకుతుంది?” అని తమను తాము ప్రశ్నించుకోవాలి. దానికి నిజాయితీగా జవాబుంటే ధైర్యంగా కోర్టుకు వెళ్లండి, అది మీ హక్కు. లేకపోతే నెలనెలా ఖర్చు పంపండి, వారం వారం వెళ్లి చూడండి, బడి ఫీజు మీ చేత్తో కట్టండి. అలా చేసిన తండ్రిని బిడ్డ పెద్దయ్యాక వెతుక్కుంటూ వస్తాడు. రేపు అల్లాహ్ ముందు మనల్ని అడిగేది బిడ్డ ఎవరి ఇంట్లో పెరిగాడని కాదు, ఆ అమానత్‌ను మనం ఎలా కాపాడామని.