పరిహారం దావా అంటే పగ తీర్చుకోవడం కాదు

మన అల్ వర్సాన్ రోడ్ల సంగతి ఇక్కడ ఉండేవాళ్లందరికీ తెలిసిందే. డ్రాగన్ మార్ట్ రద్దీ, డెలివరీ బైకులు, క్యాంపు బస్సులు, అవీర్ కూరగాయల మార్కెట్‌కి వెళ్లే లారీలు. మనవాళ్లకి ఎవరికైనా యాక్సిడెంట్ అయిందంటే గంటలో వాట్సాప్ గ్రూపుల్లో చందాలు మొదలవుతాయి. అది మన మంచితనం. కానీ చందా ఎంత వచ్చిందో అందరం అడుగుతాం, 'క్లెయిమ్ వేశారా?' అని మాత్రం ఎవరం అడగం.

ఎందుకు అడగం? నేను ఎక్కువగా వినే జవాబులు మూడు. 'డ్రైవర్ కూడా మనలాంటి పేదోడే, వాడి పొట్ట కొట్టడం ఎందుకు?' 'కేసు వేస్తే కంపెనీ వీసా క్యాన్సిల్ చేస్తుంది.' 'కోర్టు ఖర్చు ఎవరు పెడతారు?' మూడూ భయాలే. ఒక్కోటి విడదీసి చూద్దాం.

2019 జూన్ 6న మస్కట్ నుంచి దుబాయ్ వస్తున్న బస్సు రాషిదియా దగ్గర ఎత్తు నియంత్రణ కోసం పెట్టిన అడ్డుకమ్మీని ఢీకొట్టింది. 17 మంది చనిపోయారు, అందులో 12 మంది భారతీయులు. ట్రాఫిక్ కోర్టు మొదట డ్రైవర్‌కి ఏడేళ్ల జైలు వేసి, మృతుల కుటుంబాలకి 34 లక్షల దిర్హాముల దియా కట్టమంది. అంటే ఒక్కో ప్రాణానికి 2 లక్షలు.

అదే బస్సులో తలకి తీవ్రంగా దెబ్బ తగిలిన ఒక భారతీయ విద్యార్థి బతికి బయటపడ్డాడు. అతని తరఫున పరిహారం కోసం వేరే దావా నడిచింది. ఇన్సూరెన్స్ వివాదాల అథారిటీ మొదట 10 లక్షల దిర్హాములు ఇచ్చింది. అక్కడితో ఆగకుండా కోర్టుకి వెళ్తే అది 50 లక్షలైంది. ఆ వార్త 2023లో వచ్చింది, అంటే ప్రమాదం జరిగిన దాదాపు నాలుగేళ్లకి. డ్రైవర్‌కి శిక్ష పడటం వేరు, గాయపడినవాడికి పరిహారం రావడం వేరు. రెండోది అడగందే రాదు.

ఇప్పుడు మొదటి భయం. యూఏఈలో ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మనిషికి గాయమైతే కోర్టు తేల్చిన మొత్తం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి. డ్రైవర్ మీద జాలితో మనం క్లెయిమ్ మానేస్తే మిగిలేది డ్రైవర్‌కి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీకి.

రెండో భయం. రోడ్డు ప్రమాదం దావా సాధారణంగా ఇన్సూరెన్స్ కంపెనీ మీద నడుస్తుంది, మన కంపెనీకి దాంతో పనే ఉండదు. పనిలో దెబ్బ తగిలితే 2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టం ఉంది. వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో ఆరు నెలల దాకా పూర్తి జీతం, కోలుకోకపోతే మరో ఆరు నెలలు సగం జీతం. ప్రాణం పోతే 24 నెలల బేసిక్ జీతం, 18 వేల దిర్హాములకి తగ్గకుండా, 2 లక్షలకి మించకుండా. న్యాయమైన కేసు వేశాడని ఉద్యోగం తీసేస్తే అదీ చట్టవిరుద్ధమే.

మూడో భయం. లక్ష దిర్హాముల లోపు కార్మిక దావాలకి కోర్టు ఫీజు లేదు. ఇన్సూరెన్స్ వివాదమైతే ఇప్పుడు ముందు సెంట్రల్ బ్యాంక్ ఏర్పాటు చేసిన 'సనదక్' దగ్గరికి వెళ్లాలి. దుబాయ్ భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో న్యాయ సలహా ఉచితం. నంబర్ 800 46342.

అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. జడ్జి గాయం తీవ్రత, వైకల్యం శాతం, వయసు, సంపాదన, పడిన బాధ చూసి మొత్తం నిర్ణయిస్తారు. పోలీస్ రిపోర్టు, ఆసుపత్రి రిపోర్టులు, జీతం రుజువు లేకపోతే ఎంత పెద్ద గాయమైనా చిన్న అంకెగా మారుతుంది. సిగ్నల్ లేని చోట రోడ్డు దాటడం లాంటి మన తప్పు ఉంటే పరిహారం తగ్గుతుంది. ఇలాంటి దావాకి చట్టంలో గడువు ఉంటుంది. 'ఊరెళ్లి కోలుకున్నాక చూద్దాం' అన్నవాళ్లు ఇక్కడే నష్టపోతారు. ఆసుపత్రి మంచం మీద అరబిక్ కాగితం ఎవరైనా తెస్తే, అనువాదం చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు.

జగిత్యాలలోనో కడపలోనో ఉన్న కుటుంబానికి ఇంకో మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. ఇవి యూఏఈ పరిహారానికి బదులుగా వచ్చేవి కావు. వారసత్వ సర్టిఫికెట్, పవర్ ఆఫ్ అటార్నీ అటెస్టేషన్‌కి సమయం పడుతుంది కాబట్టి మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.

చందా ఒక నెల గడుపుతుంది. నడుము విరిగిన మనిషికి ముందు ముప్పై ఏళ్ల బతుకుంటుంది. ఈసారి గ్రూపులో చందా మెసేజ్ వస్తే డబ్బు పంపండి. దాని కిందే పోలీస్ రిపోర్టు తీసుకున్నారా అని కూడా అడగండి.