ఉన్నది ఉన్నట్టుగా అమ్మిన బండి

విశాఖ ఫిషింగ్ హార్బరులో ఇనుముకు ఆయుష్షు తక్కువ. సముద్రపు గాలిలో ఉప్పు ఎలాగూ ఉంది. చేపలబండికి దానితోపాటు మరొక గండం కూడా ఉంది. మంచుముక్కలు పోసి చేపలు పేర్చిన పెట్టెలనుండి కారే నీచునీరు అడుగురేకు సందుల్లోకి దిగి, ఛాసిసును లోపలినుండి తినేస్తుంది. జెట్టీకీ పూర్ణామార్కెట్టుకూ మధ్య కొన్నేళ్ళు తిరిగిన వ్యానును అమ్మకానికి పెట్టేటప్పుడు ఆ తుప్పును గీకి, పైన నల్లటి పూత ఒకటి వేసి, సీట్లకు కొత్త తొడుగులు వేస్తే సరి. పైన పటారం, లోన లొటారం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరబోట్లు వేటకు వెళ్ళరాదు. ఈ విరామం ముగిసేలోగా సొంత బండి సమకూర్చుకుందామని ఒక చిరువ్యాపారి అప్పుచేసి, పాతబండ్ల డీలరు దగ్గర వ్యాను కొన్నాడనుకుందాం. జూలైలో ఛాసిసు చీలింది. డీలరును అడిగితే "చూసుకునే కొన్నావు కదా!" అంటాడు, రసీదు మీద "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసిన ముక్క చూపిస్తాడు. మనలో చాలామంది అక్కడితో వెనుదిరుగుతాం. అలా తిరగనక్కరలేదన్నది ఈ టపాలో నా వాదం.

డీలరు మాటకు చట్టంలో ఆధారం లేకపోలేదు. 1930 నాటి వస్తువిక్రయ చట్టానికి మూలసూత్రం కొన్నవాడిదే జాగ్రత్త అన్నది. కాని అదే చట్టం 16వ సెక్షనులో దానికి మినహాయింపులూ ఇచ్చింది. ఆ రకం సరుకు అమ్మే వర్తకుడి దగ్గర కొన్నప్పుడు, సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు, కాగితం మీద లేకున్నా, ఉన్నట్టే లెక్క. కొనేవాడు పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో బయటపడి ఉండవలసిన లోపాలకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. నా పేచీ అంతా ఇక్కడే. పూత కింది తుప్పు ఏ పరిశీలనలో బయటపడుతుంది? బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, హారను మోగించి చూసేవాడికి కనిపించకూడదనే కదా ఆ పూత వేసింది! దాచిన లోపాన్ని చూడలేదని కొన్నవాణ్ణి తప్పుపట్టడం న్యాయమని నాకు తోచదు.

ఇక 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇందులో లోపం అన్న మాటకిచ్చిన నిర్వచనం చదవదగ్గది. చట్టమో ఒప్పందమో కోరే నాణ్యత లేకపోవడమే కాదు, వర్తకుడు ఏ విధంగానైనా "ఉంది" అని చెప్పుకున్న నాణ్యత లేకపోయినా అది లోపమే. అంటే, "ఇంజను విప్పలేదు, ఛాసిసు గట్టిది" అని డీలరు వాట్సాపులో పంపిన వాక్యమే అతని సరుకుకు కొలబద్ద అవుతుంది. బేరం కుదిరాక ఆ సందేశాన్ని చెరిపేసుకోకండి. లోపమున్న సరుకును రసీదులో చెప్పిన గడువులోగా, గడువేదీ చెప్పకపోతే 30 రోజులలోగా, వెనక్కు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం ఈ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. పాత సరుకుకు ఇవి వర్తించవని చట్టం ఎక్కడా అనలేదు. అయితే పక్కింటాయన తన సొంతకారు అమ్మితే ఈ దారి లేదు. అమ్మినవాడు వర్తకుడై ఉండాలి.

ఇంతదాకా వచ్చాక డీలరు తరఫు వకీలు తీసే అస్త్రం ఒకటుంది: "ఇది వ్యాపారం కోసం కొన్న బండి, ఇతను వినియోగదారుడే కాడు." దీనికి సుప్రీంకోర్టు 1995లోనే, లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో, జవాబు చెప్పింది. పొట్టపోసుకోవడానికి తానే ఆటో నడుపుకునేవాడు, తానే లారీ తోలుకునేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. పది వ్యాన్లు కొని జీతగాళ్ళతో నడిపించే ఆసామి సంగతి వేరు. హార్బరులో ఇద్దరూ ఉన్నారు. ఫిర్యాదులో మొదటి పేరాలోనే "నేనే నడుపుకుంటాను, ఇదే నా జీవనాధారం" అని రాసుకోవడం మంచిది.

ఫిర్యాదును తాను నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. గడువు రెండేళ్ళు. మరమ్మతు చేయించకముందే తుప్పు ఫొటోలు తీసి, మెకానిక్కు చేత రాయించుకోవాలి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే సరుకును తగిన ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషనుకుంది.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. "ఉన్నది ఉన్నట్టుగా" వంటి ఏకపక్షపు షరతును అన్యాయమైన ఒప్పందంగా సవాలు చేయాలంటే మాత్రం జిల్లా కమిషనుకు ఆ అధికారం ఇవ్వలేదు, రాష్ట్ర కమిషను దాకా పోవాలి. నాలుగు లక్షల వ్యానుకోసం ఎవరు పోతారు?

2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, పాతబండ్ల డీలర్లకు అధికారపత్రం తప్పనిసరి చేసింది. 2023 ఏప్రిల్ నుండి ఇది అమలులో ఉంది. బండి డీలరు చేతికి వచ్చినట్టు రవాణాశాఖకు తెలియజేయాలి, అక్కడినుండి అతనే యజమానిగా పరిగణింపబడతాడు. మంచిదే. పేరు మారకపోతే ప్రమాదపు బాధ్యత రిజిస్టరులో ఉన్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చాక, బండి అమ్మేసి నిద్రపట్టని పాత యజమానులకు ఇది ఊరట. కాని కొనేవాడికి ఒరిగిందేమిటి? బండి ఎవరి చేతిలో ఉందో ఈ నిబంధనలు చెబుతాయి, ఏ స్థితిలో ఉందో చెప్పించవు.

అమెరికాలో ఉంటున్న మిత్రులు పాతకారు కొనేటప్పుడు అద్దానికి అంటించిన కాగితం చూసే ఉంటారు. డీలరు హామీ ఇస్తున్నాడా, ఏ హామీ లేకుండా అమ్ముతున్నాడా అన్నది అందులో గడి కొట్టి చెప్పాలి. 1985 నుండి అక్కడ ఇది నియమం. బేరం స్పానిషులో జరిగితే కాగితమూ స్పానిషులోనే ఉండాలి. అది కూడా గొప్ప రక్షణేమీ కాదు, హామీ లేదని రాసేసి చేతులు దులుపుకునే డీలర్లు అక్కడా ఉన్నారు. అయినా ఆ మాట బేరానికి ముందే కొనేవాడి కళ్ళబడుతుంది. మన దగ్గర ఆ మాట రసీదు అడుగున చిన్న అక్షరాలలో, సంతకం పెట్టాక కనబడుతుంది, అదీ చాలాసార్లు ఇంగ్లీషులో. డీలరుకు అధికారపత్రం ఇస్తున్న ప్రభుత్వమే, ఛాసిసు, ఇంజను, పాత ప్రమాదాలు, నీటమునక అనే నాలుగు విషయాలు తెలుగులో రాసి బండి అద్దానికి అంటించాలన్న షరతు కూడా దానికి చేర్చవచ్చు. హార్బరులో బోటు దిగి వచ్చి బేరమాడేవాడికి చదువుకోవడానికి అదైనా ఉంటుంది.