ఆటగా వచ్చిన పాట

దీర్ఘకాలం మౌనం వహించిన కళాకారుడు తిరిగి గొంతు విప్పినప్పుడు లోకం అతని నుండి గంభీరమైన వాక్కునే ఆశిస్తుంది. 2004లో అమెరికాకు చెందిన ‘పిక్సీస్’ రాక్ బృందం ఆ ఆశను ఏమాత్రం లక్ష్యపెట్టలేదు.

బ్లాక్ ఫ్రాన్సిస్, జోయీ శాంటియాగో, కిమ్ డీల్, డేవిడ్ లవరింగ్ అనే నలుగురితో 1986లో బోస్టన్ నగరంలో రూపుదిద్దుకున్న బృందమిది. బడా సంగీత వ్యాపార సంస్థల అండ కోరక, స్వతంత్రంగా ఎదిగిన ‘ఇండీ రాక్’ శాఖకు చెందినది. చరణం మంద్రంగా సాగి పల్లవి ఒక్కసారిగా ఉరిమే వీరి రీతిని అనుసరించానని ‘నిర్వాణ’ బృంద గాయకుడు కర్ట్ కోబేన్ బాహాటంగా అంగీకరించాడు. అయితే పాటల రచన దాదాపుగా ఫ్రాన్సిస్ చేతిలోనే ఉండేది. డీల్ రచనలకు క్రమంగా చోటు తగ్గింది. మనస్పర్థలు ముదిరి 1993లో బృందం విచ్ఛిన్నమైంది. డ్రమ్స్ వాయించే లవరింగ్ కొంతకాలానికి ఇంద్రజాలికుడయ్యాడు!

పదకొండేళ్ల ఎడబాటు తర్వాత వారు కలిసి వెలువరించిన తొలి కొత్త పాట ‘బామ్ థ్వాక్’. రచయిత్రి డీల్. ‘ష్రెక్ 2’ యానిమేషన్ చిత్రం కోసం ఉద్దేశించినా అందులో దానికి చోటు దక్కలేదు. న్యూయార్క్ వీధిలో ఎవరో పారవేసిన ఒక పసిబిడ్డ బొమ్మల పుస్తకం ఆ రచనకు ప్రేరణ. శీర్షికలోని రెండు మాటలూ ఒట్టి చప్పుళ్లు. తెలుగులో ధ్వన్యనుకరణ పదాలనబడే గలగల, ఫెళఫెళల జాతివి. పాట డిస్కు రూపంలో గాక, ఆపిల్ సంస్థవారి ఐట్యూన్స్ ద్వారా అంతర్జాలంలోనే విడుదలైంది.

అంతటి పునరాగమనానికి ఈ చిలిపి పాట తగునా? తగును. గంభీరగీతమే కట్టదలిస్తే గతాన్ని తవ్వక తప్పదు. తప్పెవరిదో తేల్చక తప్పదు. ఆటకు ఆ తీర్పుతో పని లేదు. అలిగి విడిపోయిన పిల్లలు మరునాడు సంజాయిషీలు చెప్పుకోరు, గోళీలు తీసుకొని వీధిలోకి వస్తారు. పైగా ఒకనాడు చోటు కరవైన వ్యక్తి చేతికే ఈసారి కలం అందింది. ఇది చిన్న విషయం కాదు. పాటగా చూస్తే వారి తొలినాటి రచనల సరసన దీనిని నిలపడం కష్టమే. విమర్శకులు ఆ కొలబద్దతోనే కొలవడం మాత్రం సబబు కాదు.

ఆట అన్నిటినీ చక్కదిద్దలేదన్నదీ నిజమే. 2013లో డీల్ బృందాన్ని వీడింది. మరుసటి ఏట వచ్చిన ఆల్బమ్‌లో ఆమె లేదు. పునస్సమాగమం తర్వాత ఆ నలుగురూ కలిసి విడుదల చేసిన కొత్త స్వీయరచన ‘బామ్ థ్వాక్’ ఒక్కటే.