పండిన కంఠము

రాక్ సంగీతము యువకుల సొత్తని లోకములో నొక యభిప్రాయము స్థిరపడియున్నది. 1950 ప్రాంతములలో అమెరికాలో తలయెత్తిన ఆ సంగీతము కుర్రకారు ఉత్సాహముతోనే పెరిగినది. కావున ఆ యభిప్రాయము నిరాధారము కాదు. అందుచేతనే తల నెరసిన రాక్ గాయకుడు వేదిక నెక్కి, నలుబది యేండ్లనాటి తన పాటలనే మరల పాడి, ఆ కచేరీని రికార్డుగా వెలువరించినచో విజ్ఞులు కొందరు పెదవి విరుతురు. క్రొత్త పాట కట్టలేక పాత పాటను అమ్ముకొనుచున్నాడందురు. ఈ యాక్షేపణ యెంతవరకు న్యాయమో విచారింపదగియున్నది.

ఈ విచారణకు లెనర్డ్ కోహెన్ రికార్డు 'లైవ్ ఇన్ లండన్' మిక్కిలి అనుకూలమైన ఉదాహరణము. 2008 జూలై 17వ తేదీన లండను నగరమందలి ఓ2 అరీనాలో జరిగిన కచేరీ అది. 2009లో రెండు డిస్కులుగా వెలువడెను. కచేరీనాటికి గాయకుని వయస్సు 73 సంవత్సరములు.

1934లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున జన్మించిన కోహెన్ మొదట కవి, తరువాతనే గాయకుడు. ఆయన తొలి కవితాసంపుటి 1956లో అచ్చయ్యెను. రెండు నవలలు వ్రాసిన పిమ్మట, 1967లో, 33 ఏండ్ల ప్రాయమున మొదటి పాటల రికార్డు వచ్చెను. 1990 తరువాత కాలిఫోర్నియా కొండలలోని యొక జెన్ బౌద్ధమఠమున కొన్ని యేండ్లు గడపి, 1996లో దీక్ష గైకొనెను. మఠము వీడిన పిదప బొంబాయి వచ్చి, అద్వైతమును బోధించు రమేశ్ బల్సేకర్ ప్రవచనములు వినెను.

ఇట్టి విరాగిని మరల వేదిక కెక్కించినది ధనాభావము. నమ్మి అప్పగించిన చేతులలో తన జీవితకాలపు కూడబెట్టు హరించుకొనిపోయినట్లు 2004లో ఆయనకు తెలియవచ్చెను. 2006లో న్యాయస్థానము ఆయన పక్షముననే తీర్పు చెప్పెను. కాని తీర్పు వచ్చినంత సులభముగా సొమ్ము రాదు గదా! మిగిలినవి పాటలు, గొంతు. సుమారు పదునైదేండ్ల విరామము తరువాత, 2008 మే నెలలో, కెనడాలోని ఫ్రెడరిక్టన్ పట్టణమున సంచారము మొదలయ్యెను.

డబ్బుకొరకు పాడినది కళ యెట్లగునని ఆక్షేపకులు అడుగవచ్చును. ధనము అవసరమగుట వేరు, ధనమునకై కళను చౌక చేయుట వేరు. శ్రీనాథ మహాకవి చరమదశలో దారిద్ర్య మనుభవించెనని చెప్పుదురు. అందువలన ఆయన కవిత్వమునకు విలువ తగ్గినదని అన్నవారు లేరు. ఉపాధ్యాయుడు జీతము పుచ్చుకొని చెప్పినంతమాత్రమున పాఠము అసత్యము కాదు. పని యెందుకు చేసెనను ప్రశ్నకన్న, ఎట్లు చేసెనను ప్రశ్నయే విమర్శకునకు ముఖ్యము.

ఎట్లు చేసెనో రికార్డే చెప్పుచున్నది. యౌవనమున పలుచగా దీనముగా ధ్వనించిన కంఠము ఇందులో మంద్రస్థాయికి దిగి, సగము పాటయు సగము మాటయు నైనది. ఆ లోపమును దాచుటకు గాయకుడు అరవలేదు. వాద్యములనే తగ్గించి, ప్రతి పదమునకు చోటిచ్చెను. స్పెయిన్ దేశస్థుడు హావియేర్ మాస్ తన నాటి తంత్రీవాద్యములతో పాటకు ముందు దారి పరచును. 'బూగీ స్ట్రీట్' అను పాటను, దానిని తనతో కలిసి రచించిన షారన్ రాబిన్సన్‌కే విడిచిపెట్టెను. మరియొక పాటలోని మాటలు తాను పలికి, గానమును వెబ్ సోదరీమణుల కప్పగించి తాను శ్రోత యయ్యెను. తన పాటను ఇతరుల కిచ్చి ప్రక్కన నిలుచుట యౌవనమున సులభముగా అలవడు గుణము కాదు.

'హల్లెలూయా' కథ మరియు విచిత్రమైనది. 1984లో ఆ పాట గల రికార్డును విడుదల చేయుటకు అమెరికాలోని ఆయన సంస్థయే మొదట నిరాకరించెను. తరువాత 1991లో జాన్ కేల్, 1994లో జెఫ్ బక్లీ దానిని పాడగా లోకమెల్ల ప్రసిద్ధమయ్యెను. లండను సభలో ఆ పాట, పరులయిండ్ల పెరిగి పెద్దదై పుట్టింటికి వచ్చిన బిడ్డవలె వినబడుచున్నది. నడివయస్సున వ్రాసిన దుఃఖమును వృద్ధుడు సాక్షియై చెప్పుచున్నాడు. మాటల వెనుకనున్న మనుష్యుడు మారెను. తెలుగు నాటకశాలలలో ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకవేసి పద్యమును మరల పాడించుకొనెడివారు. పద్యము తెలియక కాదు. తెలిసిన పద్యమును ఆ క్షణమున, ఆ గొంతున మరల వినుటకే.

దోషములు లేవని కాదు. కొన్నిచోట్ల వాద్యమేళనము మితిమీరి నునుపెక్కినది. అప్పటికప్పుడు స్ఫురించినట్లు తోచు ఛలోక్తులను ఆయన ఊరూర పునరుక్తి చేసెననుటయు నిజమే. అయితే ఏటేట అదే చమత్కారముతో పాఠ మారంభించు ఉపాధ్యాయుని పిల్లలు నిందింపరు, వారికది క్రొత్తయే. ఇట్టి రికార్డులలో పెక్కు కేవలము వ్యాపారపు లెక్కలే యనుటయు ఒప్పుకొనవలసినదే. కాని కొన్నిటి దోషమును జాతికెల్ల అంటగట్టరాదు.

క్రొత్త పాట కట్టలేనివాడే పాత పాట పాడునను వాదమునకు కాలమే బదులు చెప్పెను. ఆ సంచారము తరువాత 2012, 2014, 2016 సంవత్సరములలో కోహెన్ మూడు క్రొత్త రికార్డులు వెలువరించెను. చివరిది వచ్చిన కొలది దినములకే, 2016 నవంబరు 7వ తేదీన, 82వ యేట కన్నుమూసెను. పాతపాటను శ్రద్ధగా మరల పాడుట క్రొత్తపాటకు అడ్డము కాలేదు, త్రోవయే యయ్యెను.

1967 నాటి 'సుజాన్' పాటను, లండను సభలోని అదే పాటను తరగతిలో ఒకదాని వెంట నొకటి వినిపించినచో, విద్యార్థులకు దీర్ఘమైన వ్యాఖ్యానముతో పనియుండదు. ఒకే మాటల మధ్య నలుబది యేండ్లు గడచుట వారు చెవులతోనే గ్రహింతురు. చిన్ననాడు కంఠస్థము చేసిన పద్యము పెద్దయైన పిదప ఏల వేరుగా తోచునో కూడ వారికి కొంత తెలియవచ్చును.