ఇంటిపేరు రాయిస్తే చాలదు

భర్త పోయిన సోదరి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మన సంఘాలు ఇప్పుడు దీవిస్తున్నాయి, సంతోషం. ఆమెతో వచ్చిన బిడ్డ కొత్తాయనను ‘నాన్నా’ అంటాడు, బడిలోనూ ఆయన ఇంటిపేరే. కానీ ఆయన వీలునామా రాయకుండా కన్నుమూస్తే, మనకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం ఆ బిడ్డకు చిల్లిగవ్వ రాదు.

1956 హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. చాలాకాలం 1890 సంరక్షకుల చట్టమే దిక్కు. దానితో బిడ్డకు సంరక్షకుడు దొరికేవాడు గానీ తండ్రి దొరికేవాడు కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022 నిబంధనల్లో సవతి తల్లిదండ్రులకు వేరే దారే ఉంది. దంపతులు ‘కారా’ పోర్టల్‌లో నమోదు కావాలి, ఉత్తర్వు జిల్లా మెజిస్ట్రేట్ ఇస్తారు. విడాకుల తర్వాతి పెళ్ళయితే కన్నతండ్రి సమ్మతి కావాలి. కస్టడీ కేసు నడుస్తుంటే అది తేలేదాకా ఆగాలి. బెంగళూరైనా బరంపురమైనా యానామైనా చట్టం ఒకటే.

తాతా నానమ్మల భయం ఒకటుంది, న్యాయమైనదే: మావాడి ఆస్తి పోతుందా? పోదు. దత్తతకు ముందే బిడ్డకు సంక్రమించినది బిడ్డదే.

బాప్తిస్మపు రిజిస్టరులో తండ్రి పేరు మార్చి, పనైపోయిందనే పాస్టర్లూ ఉన్నారు. అది దత్తత కాదు. పెళ్ళి ప్రకటన చదివే ముందే ఆ జంటతో ఈ మాట మాట్లాడండి, ఊహ తెలిసిన బిడ్డ ఇష్టమూ అడగండి.