బిలాస్‌పూర్ నుంచి సముద్రానికి

ఛత్తీస్‌గఢ్‌కు సముద్రం లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగువారికి మాత్రం రైలుంది! కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ టిట్లాగఢ్, రాయగడ మీదుగా తీరంలో దించుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో బిలాస్‌పూర్, విశాఖలోని వాల్తేరు రెండూ ఒకే కంపెనీవి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలో చేరింది. రాకపోకలు మాత్రం ఆగలేదు.

శని, ఆదివారాల్లో స్నేహితులతో విశాఖలో పడవెక్కి లాబ్‌స్టర్ పట్టాలని కలలు కనేవారి కోసమే ఈ సంచిక.

ముందే చెప్పాలి, పగటి షికారులో అది దొరకడం కష్టం. మన తీరపు రాతి లాబ్‌స్టర్‌కు సినిమాల్లో చూసే పెద్ద పట్టకారు కాళ్లు ఉండవు, పొడవాటి ముళ్ల మీసాలే. పగలంతా రాళ్ల సందుల్లో దాక్కుని చీకటి పడ్డాకే మేతకు కదులుతుంది. అందుకే జాలర్లు సాయంత్రం అడుగు వల వేసి, తెల్లవారుజామున లాగుతారు. పగటి గాలానికి వంజరమో సూరచేపో తగిలితే సంతోషించాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం. సరిగ్గా బడి సెలవుల వేళే!

రాతి లాబ్‌స్టర్లలో పానులిరస్ హోమారస్ జాతి 200 గ్రాములు తూగకపోతే ఎగుమతికి అనుమతి లేదు. గుడ్లతో ఉన్న ఆడదాన్ని నీళ్లలో వదిలేయాలని శాస్త్రజ్ఞుల సలహా. పడవెక్కేముందే సరంగుతో ఆ మాట మాట్లాడుకోవడం మేలు.